పసుపు సాక్ష్యం

ఎల్‌కేజీ పిల్లాడొకడు డబ్బాలో తెచ్చుకున్న పప్పన్నమంతా బెంచీ మీద కక్కేశాడు. టీచరు ముక్కుకు చున్నీ అడ్డం పెట్టుకుని, "ఆయమ్మా!" అని కేక పెట్టింది. కాంతమణి బకెట్టూ గుడ్డా పట్టుకుని వచ్చింది. పిల్లల వాంతులు తుడవడం ఆమెకేం కొత్త కాదు. ఆ పనికే గదా నెలకు తొమ్మిదిన్నర వేలిచ్చేది. కానీ ఆ రోజు వాసన తగిలీ తగలగానే కడుపులో దేవింది. గుడ్డ అక్కడే పడేసి బాత్రూంలోకి ఉరికింది. పొద్దున తాగిన అర గ్లాసు టీ తప్ప కడుపులో ఏముందని! పచ్చటి చేదు నీళ్ళు వచ్చాయి, మళ్ళీ వచ్చాయి.

చీపురు పట్టుకుని వెనకే వచ్చింది బుచ్చమ్మ. ఆ స్కూల్లో ఇద్దరూ ఆయాలు. సీతాఫల్‌మండిలో ఒకే గల్లీలో కాపురాలు. ఒకరింట్లో తాలింపు వేస్తే ఇంకొకరింట్లో తుమ్ములొస్తాయి. బుచ్చమ్మ వయసులో పదేళ్ళు పెద్ద, నోరు అంతకన్నా పెద్ద.

"ఏందే చెల్లె, గిట్ల కక్కుతున్నవ్? వారం సంది సూస్తున్న, నీకు ముద్ద దిగుతలేదు. జెర ఇటు తిరుగు," అని గడ్డం పట్టుకుని మొహం కిటికీ వైపు తిప్పింది. "నీ కండ్లేందే, గింత పచ్చగున్నయ్?"

"పొద్దున అద్దంల నేను సుత చూసుకున్న అక్కా. మేడం ఇచ్చిన పసుపు గోలీలు ఒంటికి పడుతున్నట్టుంది."

"గంతేనంటవా? కామెర్లు కాదు గద?"

"ఏమో. మేడంను అడుగుదాం పా."

మేడం అంటే అనుపమ. స్కూలు కరస్పాండెంటు గారి భార్య. ఎమ్మెస్సీ చదివింది, ఏసీ గదిలో ఆమె కుర్చీ వెనక ఆ పట్టా ఫ్రేము కట్టించి తగిలించి ఉంటుంది. సైనిక్‌పురిలోని ఇంటి నుంచి కారులో రాగానే ఆమె చూసేది పిల్లల హాజరు కాదు, బీరువాలో సీసాలెన్ని మిగిలాయని. పసుపులోని సారం పిండి, మిరియాల సారం కలిపి చేసిన క్యాప్సూళ్ళు అవి. సీసా పద్దెనిమిది వందల యాభై. కంపెనీ వాళ్ళు ఒకరి కింద ఒకరిని చేర్పించి అమ్మిస్తారు. మేడం కింద టీచర్లు, టీచర్ల కింద ఆయాలు, ఆయాల కింద వాళ్ళ గల్లీలు. కొనమని మేడం ఎవర్నీ బలవంతపెట్టదు, చాలా మర్యాదస్తురాలు. జీతంలోంచి కోసుకుంటుంది, అంతే.

కాంతమణిని దగ్గరికి పిలిచి, కింది రెప్ప వేలితో లాగి చూసింది మేడం. చూసి, "వావ్!" అంది. నిజంగానే అంది ఆ మాట.

"నీకు ఫుల్‌గా అబ్జార్బ్ అవుతోంది కాంతమణీ! చూశావా బుచ్చమ్మా, ఎంత బాగా పట్టిందో? పసుపు తింటే పచ్చబడక నల్లబడతారా ఎవరైనా?"

"వాంతులైతున్నయ్ మేడం. ఒంటేలు సుత చాయ్ రంగుల వస్తుంది. ఒళ్ళంత ఒకటే దురద."

"అదే డీటాక్స్. ఏళ్ళ తరబడి లోపల పేరుకున్న మురికంతా బయటికి పోతోంది. ఇప్పుడు మధ్యలో ఆపేశావనుకో, ఉన్న మురికి లోపలే ఉండిపోతుంది. పొద్దున రెండు, రాత్రి రెండు వేసుకో. డోస్ పెంచితే త్వరగా క్లీన్ అయిపోతావు."

అని ఫోను తీసి కాంతమణి మొహం ఫొటో పట్టి, టీచర్ల గ్రూపులో పెట్టింది. పెట్టీ పెట్టకముందే చప్పట్లు కొట్టే బొమ్మలు వరసగా వచ్చి పడ్డాయి. ఒక మనిషి కళ్ళు పచ్చబడిపోతుంటే చప్పట్లు కొట్టారు. అందరూ చదువుకున్నవాళ్ళే. థూ!

బయటికొచ్చాక బుచ్చమ్మకు మనసు కుదుటపడింది. "నిజమే గదనే. పెండ్లిల పసుపు దంచితె చేతులు రెండు దినాలు పచ్చగనే ఉంటయ్. గంత పసుపు కడుపుల వడితె కండ్లకు రాదా?" అంది.

ఎవరికైనా అలాగే అనిపిస్తుంది మరి. దెబ్బ తగిలితే పసుపు, దగ్గొస్తే పాలలో పసుపు. బుచ్చమ్మ ఇంట్లో గడపకు అదే, కాంతమణి ఇంట్లో చేపల పులుసులో అదే. పుట్టిన దగ్గర్నుంచి ఒంటి మీదా వంటలోనూ ఉన్న దాన్ని ఎవరు అనుమానిస్తారు? వేరే మందైతే డాక్టరును అడిగేవాళ్ళు, చీటీ చూపించేవాళ్ళు. పసుపుకు చీటీ ఏమిటి! ఆ నమ్మకాన్నే సీసాల్లో నింపి అమ్ముతున్నారు కంపెనీ వాళ్ళు.

కాంతమణి ఊరికే మోసపోయిన మనిషి కూడా కాదు. మూడంతస్తుల స్కూలు, లిఫ్టు లేదు. ఎక్కీ దిగీ, కూర్చుని బండలు తోమీ మోకాళ్ళు అరిగిపోయాయి. పొద్దున మంచం దిగితే గోడ పట్టుకోకుండా అడుగు పడేది కాదు. ఆ క్యాప్సూళ్ళు వాడిన నెలకు నొప్పి నిజంగానే తగ్గింది. మెట్లు ఆగకుండా ఎక్కింది. ఎంత సంబరమైందో! ఆ ఆదివారం చర్చిలో సాక్ష్యాల వేళకు లేచి నిలబడి, "నా మోకాళ్ళు మంచిగైనయ్, మేడం ఇచ్చిన పసుపు గోలీలు వాడిన, దేవునికే స్తోత్రం," అని చెప్పింది. మేలు జరిగితే నలుగురిలో చెప్పాలి, దాచుకోకూడదు. అది వాళ్ళ సంఘంలో తాతల నాటి అలవాటు. పక్క బెంచీలో ఎవరో ఫోన్లో తీశారు. అది తిరిగి తిరిగి మేడం ఫోనుకు చేరింది. అక్కడి నుంచి ఎక్కడెక్కడికి పోయిందో! దేవుడి మాట తీసేసి, మోకాళ్ళ మాటా గోలీల మాటా మిగిల్చి, వెనక పాట పెట్టి ఊరంతా పంపారు. ఆ వీడియో చూసే గదా బుచ్చమ్మ సీసా కొన్నది.

డోసు పెంచిన రెండు రోజులకే కాంతమణి మెట్ల మీద కూలబడింది. ఆమె భర్త లూకా గోడలకు రంగులేసే మనిషి. ఎక్కడో పరంజా మీద ఉన్నవాడు రంగు చేతులతోనే పరిగెత్తుకొచ్చి, ఆటోలో వేసుకుని గవర్నమెంటు దవాఖానకు తీసుకుపోయాడు. రక్తం తీశారు, పొట్ట మీద మిషను పెట్టి చూశారు. కామెర్ల పరీక్షలు ఒకటి తర్వాత ఒకటి చేశారు, ఏ పురుగూ దొరకలేదు. వార్డు చూసే డాక్టరమ్మ ముప్పై ఏళ్ళ పిల్ల, నిద్ర లేక కళ్ళు గుంటలు పడ్డాయి. విసుక్కోకుండా అడిగింది.

"మందులేమన్న వాడుతున్నవా? నాటు మందు? పసరు?"

"ఏం లేదమ్మా. పసుపు గోలీలే."

"అదేంది, మందు కాదా? సీసా తెప్పియ్యి."

లూకా ఇంటికి పోయి సీసా తెచ్చాడు. డాక్టరమ్మ దాన్ని వెలుతురుకు పట్టుకుని వెనక సన్నటక్షరాలన్నీ చదివింది. చదివి మంచం అంచున కూర్చుంది.

"కూరల వేసుకునే పసుపు వేరే అమ్మా. చిటికెడు వేస్తం, అండ్ల అసలు గుణమున్న పదార్థం ఇంత సుత ఉండదు. ఉన్నది సుత ఒంటికి పట్టకుండనే పోతది. అందుకే ఎన్ని తరాలు తిన్నా మనకేం కాలే. వీళ్ళేం చేసిండ్రంటే, ఆ ఒక్క పదార్థాన్నే గుంజి గాఢం చేసిండ్రు. బయటికి పోకుండ మిరియాల సారం కలిపిండ్రు. అది రక్తంల కలవడాన్ని బాగ పెంచుతది. నీ లివర్‌కు పడలే. నలభై లోపల ఉండాల్సిన లెక్క నీకు పదమూడు వందలుంది."

"అందరూ తింటున్నరు గదమ్మా?"

"తింటరు. శాన మందికి ఏం కాదు. కొంతమందికి గిట్లయితది. ఎవరికైతదో ముందుగాల ఎవ్వరం చెప్పలేం. ఆపేస్తే మెల్లగ తగ్గుతది, అందరికీ కాకున్నా ఎక్కువ మందికి. వాంతులైనంక, కండ్లు పచ్చబడ్డంక సుత తింటే మాత్రం ప్రాణం పోవచ్చు. నువ్వు డోస్ పెంచినవ్."

"నా మోకాళ్ళు నిజంగ తగ్గినయమ్మా. నేను అబద్ధం చెప్పలే," అంది కాంతమణి.

"నువ్వు అబద్ధం చెప్పినవని నేనంటలేను. కొందరికి మోకాళ్ళ నొప్పి కొంచెం తగ్గుతదని పరీక్షలల్ల కనబడ్డది సుత. నొప్పి తగ్గించినంత మాత్రాన లివర్‌ను ఏం చెయ్యదని గ్యారంటీ ఉందా?" డాక్టరమ్మ లేస్తూ లేస్తూ అడిగింది. "మీ దగ్గర ఇంకెవరన్న వాడుతున్నరా?"

ఆ ప్రశ్నకు కాంతమణికి బుచ్చమ్మ గుర్తొచ్చింది.

సాయంత్రం బుచ్చమ్మ స్టీలు డబ్బాలో జావ పట్టుకుని వచ్చింది. వచ్చి స్టూలు మీద కూర్చోగానే నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"నీకేమైందక్కా?"

"ఏం లేదే. పొద్దటి సంది కడుపుల తిప్పుతున్నది. మురికి పోతున్నదంట, మేడం చెప్పింది. నాకు సుత రెండు రెండు వేసుకోమన్నది."

కాంతమణి లేచి కూర్చోబోయింది. చేతికున్న సెలైను గొట్టం లాగింది. "అక్కా, వద్దు. ఆపెయ్యి. ఇయ్యాల్నే ఆపెయ్యి. డాక్టరమ్మ చెప్పింది, నాకు గిట్లయ్యింది ఆ గోలీలతోనే."

బుచ్చమ్మ అదోలా చూసింది. "మేడం గట్ల చెప్పలేదే. మీ ఇంటికాడ మోరీ మురికి నీళ్ళు తాగే నల్లల కలిసినయంట, అందుకే నీకు కామెర్లయినయంట. స్టాఫందరిని పిల్చి చెప్పింది."

"అదే నల్ల నీళ్ళు నువ్వు తాగుతలేవా? మన గల్లీల ఇంకెవరికన్న అయినయా?"

"ఏమోనమ్మా. నాకు మోకాళ్ళ తక్లీఫ్ ఇప్పుడిప్పుడే జెర తగ్గుతున్నది. చర్చిల నిలబడి నువ్వే చెప్పినవ్. నీ నోటెంట ఇని కొన్న. ఇప్పుడు నువ్వే వద్దంటున్నవ్. ఆదివారం కంపెనీ మీటింగ్‌ల మల్ల నువ్వే చెప్తవంట, కోర్సు పూర్తి చేసిన, మంచిగున్న అని. ఏది నమ్మాలె నేను?"

"నేనా? ఎవరన్నరు?"

"మేడమే అన్నది. నీ ఫొటో పెద్దగ ఏసి పేపర్లు సుత పంచిండ్రు. నాకు అదే మాట గావాలె చెల్లె. నువ్వు గా స్టేజీ మీద ఏం చెప్తవో గదే నమ్ముత. దవాఖానోళ్ళు ఎప్పుడు దేశీ మందులను మంచిగన్నరు?"

జావ డబ్బా మంచం పక్కన పెట్టి బుచ్చమ్మ వెళ్ళిపోయింది. దవాఖాన గేటు దగ్గర కూర్చుని కక్కుకుందని తర్వాత లూకా వచ్చి చెప్పాడు.

కాంతమణిని ఇంటికి పంపిన మర్నాడు మేడం వచ్చింది. ఆపిల్ పళ్ళ సంచీతో వచ్చింది. వెంట రాజేందర్ అనే మనిషి. కంపెనీలో మేడంకు పైవాడు. ఊళ్ళో ఇలాంటి మేడంలు ఎంతోమంది అతని కింద ఉన్నారట. ఒకటే గది ఇల్లు. లూకా ఉన్న ఒక్క కుర్చీ లాగి వేశాడు. రాజేందర్ జేబులోంచి చేతిరుమాలు తీసి కుర్చీ తుడిచి, ఆ రుమాలు మడతపెట్టి మళ్ళీ జేబులో పెట్టుకోకుండా కిటికీలో పడేశాడు. కూర్చున్నాక కాంతమణిని చూశాడు. ఎలా ఉన్నావని అడగలేదు. షాపువాడు పగిలిన సామాను చూసినట్టు చూశాడు.

"ఎల్లో బాగా ఉంది మేడం. కెమెరాల కొడతది," అన్నాడు.

"తగ్గుతుంది కదా రాజేందర్ గారూ ఆదివారానికి?"

"తగ్గదు. ప్రోగ్రాం మార్చలేం, వరంగల్ నుంచి సుత టీమ్స్ వస్తున్నయ్. ఒక పని చేద్దాం. పసుపుపచ్చ చీర కట్టిద్దాం. మొహం రంగు చీర నీడ అనుకుంటరు. పౌడర్ జెర దట్టంగ వేద్దాం."

"మరి కళ్ళో?"

రాజేందర్ ఆలోచించాడు. ఆలోచించి, తన తెలివికి తానే మురిసిపోతూ నవ్వాడు. "వీళ్ళు క్రిస్టియన్స్ గదా! కండ్లు మూసుకుని చెప్పనియ్యిండ్రి. ఎవ్వరికి డౌట్ రాదు. ఇంకా ఫీల్ వస్తది."

మనిషి ఎదురుగా కూర్చుని ఉండగానే ఇవన్నీ మాట్లాడుకున్నారు. గోడకు ఏ రంగు వేస్తే మరక కనబడదో లూకా కూడా ఇంటివాళ్ళతో అలాగే మాట్లాడతాడు. కానీ అది గోడ.

"డాక్టరమ్మ ఆపమన్నది మేడం," అంది కాంతమణి మెల్లగా. "బుచ్చమ్మక్కకు సుత వాంతులైతున్నయ్. ఆమెకన్న మీరు జెర చెప్పుండ్రి."

"ఆపు, నిన్నెవరు వాడమన్నారిప్పుడు?" అంది మేడం ముద్దుగా. "నువ్వు వాడక్కర్లేదు. వాడుతున్నానని చెప్తే చాలు. బుచ్చమ్మ సంగతి నేను చూసుకుంటాను. అన్నట్టు మీ అమ్మాయి హదస్సా ఈ సంవత్సరం టెన్త్ కదా? బాగా చదువుతోందట. మన స్కూల్లో ఆయమ్మల పిల్లలకు నేనెప్పుడైనా ఫీజు అడిగానా చెప్పు?"

అడగలేదు. ఆ మాట ఎందుకు అడిగిందో కాంతమణికీ తెలుసు, లూకాకీ తెలుసు. తలుపు దగ్గర నిలబడ్డ లూకా తల వంచుకుని గోళ్ళలో ఎండిపోయిన రంగు గీక్కుంటున్నాడు.

వాళ్ళు వెళ్ళాక లూకా అన్నాడు. "చెప్పెయ్ మణీ. రెండు మాటలే గద. రెండు నిమిషాలు కండ్లు మూసుకుంటే పోయేదేంది? పని పోతే పిల్ల చదువు సుత పోతది."

"బుచ్చమ్మక్క ప్రాణం పోతేనో?"

లూకా ఆపిల్ పళ్ళ సంచీ తీసుకెళ్ళి పక్కింటి పిల్లలకు పంచేసి వచ్చాడు.

కాంతమణి ఆదివారానికి మిగిలిన మూడు రోజులూ బుచ్చమ్మ గుమ్మం ఎక్కి దిగుతూనే ఉంది. చెప్పిందే చెప్పింది. రిపోర్టు చూపించింది. బుచ్చమ్మకు చదవడం రాదు. ఆమె కోడలికి వచ్చు గానీ, "మేడం నల్ల నీళ్ళన్నది గదా ఆంటీ," అంది. సీసా లాక్కోబోతే బుచ్చమ్మకు కోపమొచ్చింది. "నా జీతంల కోసిండ్రు, నీ జీతంల కాదు! నీకు పడకపోతే నాకు సుత పడదా? ఆదివారం దాంక ఆగు, నువ్వేం మాట్లాడుతవో సూస్త," అని మొహం మీదే తలుపేసుకుంది. అంత ప్రాణంగా ఉండే మనిషి!

ఆదివారం మధ్యాహ్నం రెజిమెంటల్ బజార్‌లో ఒక ఫంక్షన్ హాలు. స్కూలు బస్సులోనే ఆయాల్నీ టీచర్లనీ తోలుకొచ్చారు. ప్రవేశ రుసుము మనిషికి వంద రూపాయలు, అదీ జీతంలోనే. గుమ్మం దగ్గర పసుపు రంగు పూలు, పసుపు రంగు బెలూన్లు, పసుపు రంగు లడ్డూలు. స్టేజీ వెనక గోడంత తెర. స్టేజీ మీద ఎవరు నిలబడితే వాళ్ళ మొహం దాని మీద ఇంటి గోడంత పెద్దదిగా కనబడుతోంది.

పక్క గదిలో కాంతమణికి చీర కట్టించారు. మేకప్ అమ్మాయి మొహానికి పౌడరు అద్దింది, చాలక ఇంకేదో పూసింది, మెడకు పూసింది, చేతులకు కూడా పూసింది. చచ్చినవాళ్ళను పెట్టెలో పెట్టే ముందు ఇలాగే చేస్తారు, కాంతమణి తన తల్లికి తనే చేసింది. అద్దంలో చూసుకుంటే ఒళ్ళు జలదరించింది.

"అబ్బ, ఎంత కళగా ఉన్నావు!" అంది మేడం.

హాల్లో మూడో వరసలో బుచ్చమ్మ కూర్చుని ఉంది. మేడం అటు తిరిగినప్పుడు కాంతమణి ఆమె దగ్గరికి పోయి వంగింది. "అక్కా, ఇయ్యాల వేసుకున్నవా?"

"రెండు వేసుకున్న. కక్కిన. నువ్వు చెప్పినంక ఇంకో రెండు వేసుకుంట." బుచ్చమ్మ పెదాలు ఎండిపోయి ఉన్నాయి. కొంగు నోటి దగ్గరే ఉంది. చిన్నపిల్ల అలిగినట్టు మొహం పక్కకు తిప్పుకుంది గానీ, వెంటనే మళ్ళీ ఇటు చూసింది. ఆ చూపులో కోపం కంటే భయమే ఎక్కువ. ఎవరో ఒకరు గట్టిగా చెప్తే బాగుండునన్న భయం.

ఇంకేదో అనేలోగా మైకులో పేరు పిలిచారు.

స్టేజీ మీద సోఫాలో కూర్చోబెట్టారు. రాజేందర్ మైకు అందుకున్నాడు. అబ్బో, ఏం గొంతు! కుర్చీ తుడిచిన మనిషి ఇతనేనా అన్నట్టుంది. "ఈ అక్క ఒక స్కూల్ల ఆయమ్మ. మెట్లెక్కలేని మనిషి. ఇయ్యాల ఉరుకుతున్నది! ఆమె వీడియో చూసి ఎంతమంది తల్లులు కొత్త జీవితం షురూ చేసిండ్రో తెలుసా మీకు? మధ్యల ఒంట్లోని విషమంత బయటికి పోయింది, జెర తక్లీఫ్ అయ్యింది. భయపడ్డదా? ఆపిందా? లేదు! కోర్సు పూర్తి చేసింది!"

చప్పట్లు. కాంతమణి కళ్ళు మూసుకుంది. మూసుకోమన్నారు, మూసుకుంది. చీకట్లో చప్పట్లు ఇంకా గట్టిగా వినబడ్డాయి. హదస్సా గుర్తొచ్చింది, లెక్కల పుస్తకం ముందేసుకుని పెదాలు కదుపుతూ కూర్చునే పిల్ల. రెండు మాటలు. లూకా అన్నట్టు రెండే మాటలు. నోరు తెరిస్తే అయిపోతుంది, ఇంటికి పోవచ్చు.

"ప్రైజ్ ద లార్డ్!" అన్నాడు రాజేందర్ ఆమె చెవి పక్కనే, మైకులో. "హల్లెలూయా! అందరూ గట్టిగ చెప్పాలె! చెప్పక్కా, దేవుడు నీకేం చేసిండో చెప్పు!" అని మైకు ఆమె చేతిలో పెట్టాడు.

అతని నోటి నుంచి వక్కపొడి వాసన వచ్చింది. కాంతమణికి కడుపులోంచి తన్నుకొచ్చింది. ఇది ఆ గోలీల వాంతి కాదు. తల్లి నేర్పిన మాట, కష్టంలో నోటికి దానంతటదే వచ్చే మాట, తన తల్లి పెట్టె మీద మట్టి వేస్తూ అన్న మాట. ఆ మాటను ఈ మనిషి సీసాకు మూత బిగించినట్టు బిగిస్తున్నాడు. అసహ్యం వేసింది. అతని మీద వేసింది, పక్కన నవ్వుతూ నిలబడ్డ మేడం మీద వేసింది, పౌడరు కింద బిగుసుకుపోయిన తన మొహం మీద కూడా వేసింది.

హాల్లో ఎక్కడో ఎవరో ఓకరించిన చప్పుడు. చప్పట్లలో ఎవరికీ పట్టలేదు. ఎవరో కాంతమణికి చూడకుండానే తెలిసింది.

"కండ్లు మూసుకునేది ప్రార్థనకు సార్," అంది కాంతమణి. మైకు చేతిలోనే ఉండడం వల్ల హాలంతా వినబడింది. "సాక్ష్యం కండ్లు తెర్సి చెప్తరు."

తెరిచింది.

వెనక తెర మీద రెండు కళ్ళు తెరుచుకున్నాయి, ఒక్కొక్కటి తలుపంత. తెల్లగా ఉండాల్సినదంతా పచ్చగా, జబ్బు పచ్చగా, నరాలతో సహా కనబడింది. దట్టంగా అద్దిన పౌడరు మధ్యన అవి ఇంకా ఘోరంగా ఉన్నాయి. చప్పట్లు అక్కడక్కడ మోగి ఆగిపోయాయి. ముందు వరసలో ఎవరో "అయ్యో" అన్నారు.

"నా మోకాళ్ళు తగ్గినయ్. అది నిజమే, చర్చిల చెప్పింది నిజమే," అంది. "ఇది సుత నిజమే. చూడుండ్రి. నల్ల నీళ్ళు కాదు. ఆ గోలీలతోనే అయ్యిందని దవాఖానల చెప్పిండ్రు. వాంతులైతే విషం పోతున్నట్టు కాదు. ఆపెయ్యిండ్రి, పోయి రక్తం చూపిచ్చుకోండ్రి. నేను కోర్సు పూర్తి చెయ్యలే. చేసుంటే ఇక్కడ ఉండకపోతుంటి."

"తెర బంద్ చెయ్, బంద్ చెయ్ బే!" రాజేందర్ ఆమె చేతిలోని మైకును అరచేత్తో మూసి కింద ఉన్న కుర్రాడి మీద అరిచాడు. మేడం స్టేజీ మెట్లెక్కుతూ, నవ్వు మొహం మీద అలాగే అతికించుకుని, "ఆమెకు ఒంట్లో బాలేదు, కొంచెం ఎమోషనల్ అయ్యింది, ప్లీజ్ కూర్చోండి," అంటోంది. దగ్గరికొచ్చి కాంతమణి జబ్బ పట్టుకుంది. గోళ్ళు దిగేలా పట్టుకుంది. "రేపట్నుంచి స్కూలుకు రాకు," అంది చెవిలో.

కాంతమణి ఆమె చేయి విడిపించుకోలేదు. అంత బలం లేదు. మైకు మాత్రం వదల్లేదు.

"బుచ్చమ్మక్కా, నువ్వడిగినవ్ గద నేనేం చెప్తనో," అంది. "ఇదే చెప్తున్న. దూరం నుంచి కాదు, లేచి దగ్గరికి రా. వచ్చి నా కండ్లల్ల చూడు."

తెర ఆరిపోయింది. మైకు కూడా ఆగిపోయింది. మేడం ఇంకా లాగుతూనే ఉంది. మూడో వరసలో బుచ్చమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, ముందు కుర్చీ పట్టుకుని, మెల్లగా లేచి నిలబడింది.